457 ముఖాలు, ఒక చేపల గంప

ఫోటో దిగడం ఒకప్పుడు కాస్త డబ్బున్నవాళ్ళ వ్యవహారం. 1841లో రిచర్డ్ బియర్డ్ అనే వ్యాపారి లండన్‌లో ఒక స్టూడియో తెరిచాడు. డబ్బు తీసుకుని జనానికి ఫోటోలు తీసిపెట్టిన స్టూడియోల్లో ఇంగ్లండ్‌లో మొదటిది అదే. వెండిపూత వేసిన చిన్న రాగి రేకు మీద మీ ముఖం పడాలంటే ఒక గిన్నీ చెల్లించాలి. గిన్నీ అంటే 21 షిల్లింగులు. పొలం కూలీకి వారమంతా కష్టపడినా అంత రాదు. పెయింటర్ని పెట్టి బొమ్మ వేయించుకునే స్తోమత లేని డాక్టర్లకీ, లాయర్లకీ, దుకాణదారులకీ మాత్రం అది మంచి బేరం. ఉన్నవాటిలో మంచి కోటు తొడుక్కుని, చేతిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాళ్ళు. మన ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఒకే బ్లేజర్ హాస్టల్ ఫ్లోర్ మొత్తం తిరిగి అందరి రెజ్యూమేల్లోకీ ఎక్కుతుంది చూడండి, ఇంచుమించు అదే పద్ధతి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, స్కాట్లండ్‌లో ఇద్దరు మనుషులు చేపలమ్మే ఆడవాళ్ళనీ, జాలర్లనీ, చెప్పుల్లేని వాళ్ళ పిల్లల్నీ కెమెరా ముందు నిలబెట్టి వందకి పైగా ఫోటోలు తీశారు. ఆ ఇద్దరిలో పెద్దవాడు డేవిడ్ ఆక్టేవియస్ హిల్. ఫోటోగ్రఫీ చరిత్ర పుస్తకం ఏది తెరిచినా మొదటి అధ్యాయాల్లోనే ఆయన పేరు ఉంటుంది. ఆయన కథ అర్థం కావాలంటే మధ్యలో ఒక చర్చి గొడవ చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి.

హిల్ 1802లో పెర్త్ అనే ఊళ్ళో పుట్టాడు. నాన్న పుస్తకాల వ్యాపారి, పబ్లిషర్. హిల్ లితోగ్రఫీ, అంటే రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే పని నేర్చుకుని, 1821లో తమ జిల్లా ప్రకృతి దృశ్యాలన్నీ బొమ్మలుగా అచ్చు వేశాడు. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు, అంటే నా వయసే. (నేను ఆ వయసులో ఏం అచ్చు వేశానో అడక్కండి.) తర్వాత ఎడిన్‌బర్గ్ వచ్చి పెయింటర్‌గా స్థిరపడ్డాడు. వాల్టర్ స్కాట్ నవలలకీ, రాబర్ట్ బర్న్స్ కవితలకీ బొమ్మలు వేశాడు. 1830 నుంచి స్కాటిష్ అకాడమీకి సెక్రటరీ. ఆ పదవిలో దాదాపు నలభై ఏళ్ళు ఉన్నాడు. లార్డుల దగ్గర్నుంచి కుర్ర ఆర్టిస్టుల దాకా అందరికీ స్నేహితుడే. 1841లో భార్య చనిపోయింది. ఒక చిన్న కూతురు మిగిలింది.

ఆయన పెయింటింగులు నేను ఆన్‌లైన్‌లో కొన్ని చూశాను. కొండలు, నదులు, సాయంకాలాలు. బాగానే ఉంటాయి, అంతే. ఆ పెయింటింగులతోనే ఆగిపోయుంటే ఈ రోజు నేను ఆయన గురించి రాయను, మీరు చదవరు.

ఇప్పుడు చర్చి గొడవ. అప్పట్లో స్కాట్లండ్‌లో చాలా ఊళ్ళలో చర్చికి పాస్టర్‌గా ఎవర్ని పెట్టాలో ఆ ఊరి భూస్వామి చేతిలో ఉండేది. రోజూ ప్రార్థనకి వచ్చే జనం వద్దన్నా, భూస్వామి పంపినవాణ్ణి ఒప్పుకోవాల్సిందే. దీని మీద పదేళ్ళు కోర్టుల్లో, సభల్లో కొట్లాడారు. చివరికి 1843 మే 18న, ఎడిన్‌బర్గ్‌లో చర్చి పెద్దల మహాసభ జరుగుతుంటే, రాణి ప్రతినిధి కళ్ళముందే పాస్టర్లు లేచి బయటికి నడిచారు. వీధుల్లో జనం చూస్తుండగా టాన్‌ఫీల్డ్ అనే చోట ఉన్న హాలుకి వెళ్ళి, ఫ్రీ చర్చ్ అని కొత్త సంఘం పెట్టుకున్నారు. అయిదు రోజుల తర్వాత రాజీనామా పత్రం మీద సంతకాలు చేశారు. 450 మందికి పైగా. జీతం పోయింది, చర్చి ఇచ్చిన ఇల్లు పోయింది. పెళ్ళాం పిల్లలతో రోడ్డు మీద పడతామని తెలిసే చేశారు.

హిల్ ఇది చూసి కదిలిపోయాడు. ఈ సంతకాల సన్నివేశాన్ని పెద్ద పెయింటింగ్‌గా వేస్తానని ప్రకటించాడు. గుంపులో తలకాయల్లా వేసి వదిలేయకుండా, ప్రతి ముఖం ఆ మనిషిదే అని గుర్తుపట్టేలా వేయాలని పట్టుదల. ఇక్కడే చిక్కొచ్చింది. వందల మంది పాస్టర్లు, వాళ్ళంతా కొన్నాళ్ళలో ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. ఒక్కొక్కర్ని కూర్చోబెట్టి స్కెచ్ వేసుకుంటూ పోతే ఎప్పటికి అవుతుంది?

దీనికి దారి చూపించింది డేవిడ్ బ్రూస్టర్. ఆప్టిక్స్ చదివినవాళ్ళకి ఈ పేరు తెలిసే ఉంటుంది, బ్రూస్టర్ కోణం ఈయనదే. కలైడోస్కోప్ కనిపెట్టింది కూడా ఈయనే. అప్పటికి నాలుగేళ్ళ వయసున్న ఫోటోగ్రఫీని వాడుకోమని హిల్‌కి చెప్పి, రాబర్ట్ ఆడమ్సన్ అనే కుర్రాణ్ణి పరిచయం చేశాడు.

ఆడమ్సన్ 1821లో సెయింట్ ఆండ్రూస్ దగ్గర ఒక కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. ఇంజనీర్ కావాలని కోరిక. వర్క్‌షాప్‌లో పనికి చేరాడు కూడా, కానీ ఒళ్ళు సహకరించలేదు. డాక్టర్ అయిన అన్న జాన్, ఖాళీ దొరికినప్పుడల్లా బ్రూస్టర్‌తో కలిసి ఫోటోగ్రఫీ రసాయనాలతో ప్రయోగాలు చేసేవాడు. తమ్ముడికి ఆ పని నేర్పాడు. 1843లో ఆడమ్సన్ ఎడిన్‌బర్గ్‌లో కాల్టన్ హిల్ మీద రాక్ హౌస్ అనే ఇంట్లో స్టూడియో పెట్టాడు. అంటే వయసు ఇరవై రెండు. మెకానికల్ బ్రాంచ్ వదిలేసి స్టార్టప్ పెట్టినట్టు.

వాళ్ళు వాడిన పద్ధతి పేరు కాలోటైప్. ఇంగ్లండ్‌లో హెన్రీ ఫాక్స్ టాల్బోట్ 1841లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. స్కాట్లండ్‌లో మాత్రం తీసుకోలేదు. కాబట్టి ఎడిన్‌బర్గ్‌లో ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు. మంచి కాగితానికి సిల్వర్ నైట్రేట్, తర్వాత పొటాషియం అయొడైడ్ పట్టించి ఆరబెడతారు. ఫోటో తీసే ముందు సిల్వర్ నైట్రేట్, గాలిక్ యాసిడ్ కలిపిన ద్రావణం ఇంకోసారి పూసి, తడి తడిగానే కెమెరాలో పెడతారు. వచ్చేది కాగితపు నెగెటివ్. దాన్ని ఇంకో కాగితం మీద అదిమిపెట్టి ఎండలో ఉంచితే ప్రింట్. బియర్డ్ దుకాణంలో రేకు ఒక్కటే, దానికి కాపీ ఉండదు. ఇక్కడ ఒక నెగెటివ్ నుంచి ఎన్ని కావాలంటే అన్ని. కాకపోతే కాగితం నార వల్ల బొమ్మ కొంచెం గరుకుగా వస్తుంది, సన్నటి గీతలు కరిగిపోయి వెలుగు, నీడ మిగులుతాయి. పెయింటర్ కాబట్టి హిల్‌కి ఆ గరుకుతనమే నచ్చింది.

కాంతి చాలదు కాబట్టి అన్నీ ఆరుబయటే. కుర్చీ, బల్ల, పుస్తకాలు, పరదా తెచ్చి తోటలో అమర్చి గదిలా కనపడేట్టు చేసేవాళ్ళు. నిమిషమో, అంతకంటే ఎక్కువో కదలకుండా ఉండాలి. తల ఊగకుండా వెనక ఇనుప ఊత పెట్టేవాళ్ళు. మనుషుల్ని ఎలా నిలబెట్టాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నది హిల్ చూసుకునేవాడు. రసాయనాలు, కెమెరా ఆడమ్సన్‌వి. మిస్ మాన్ అనే సహాయకురాలు కూడా ఉండేది. 1844లో సాక్సనీ రాజు స్టూడియోకి వస్తే ఆ సమయానికి ఈ ఇద్దరూ లేరు. అప్పుడు ఆయన ఫోటో తీసింది ఆమేనని చాలామంది పరిశోధకుల నమ్మకం. అలాంటి ఫోటో తీసి కూడా ఆవిడ చరిత్రలో ఒక ఇంటిపేరుగానే చాలాకాలం మిగిలింది.

పాస్టర్ల ఫోటోలు మొదలయ్యాయి. పని పెయింటింగ్ కోసమే అయినా, ఫోటోలు చూసిన జనం ఆగలేదు. ప్రొఫెసర్లు, జడ్జీలు, శిల్పులు, లార్డుల భార్యలు వరస కట్టారు. మన ఇంజనీరింగ్ వాళ్ళలో స్టీమ్ హామర్ కనిపెట్టిన జేమ్స్ నాస్మిత్ కూడా వచ్చాడు. లేడీ రూత్వెన్ అనే ఆవిడ ఏకంగా కెమెరాకి వీపు పెట్టి నిలబడింది. కనపడేది ఆవిడ లేసు శాలువా. నల్ల బట్ట మీద పువ్వు పువ్వూ లెక్కపెట్టొచ్చు. ముఖం సరిగ్గా చూపించకపోయినా ఆవిడ పేరు పోలేదు. ఆ ధైర్యం ఎక్కడిదో ఆలోచించండి.

నాకు బాగా నచ్చింది మాత్రం హ్యూ మిల్లర్ ఫోటో. మిల్లర్ కుర్రతనంలో రాళ్ళు చెక్కే మేస్త్రి. పదిహేనేళ్ళ దాకా ఆ పని చేశాడు. చెక్కే రాళ్ళలో చేపల శిలాజాలు గమనించి, సొంతంగా చదువుకుని, పేరున్న జియాలజిస్ట్ అయ్యాడు. 1840 నుంచి ఎడిన్‌బర్గ్‌లో ది విట్నెస్ అనే పత్రికకి ఎడిటర్. భూస్వాముల పెత్తనాన్ని ఏకిపారేసిన పత్రిక అది. హిల్ కెమెరా ముందుకి వచ్చేసరికి ఆయన రాయి ముట్టుకుని దాదాపు పదేళ్ళయింది. అయినా ఫోటోలో ఎలా ఉన్నాడు? చొక్కా చేతులు పైకి మడిచి, చేతిలో మేస్త్రి సుత్తి పట్టుకుని, ఒక సమాధి రాయికి ఆనుకుని ఉన్నాడు. ఎడిటర్ కుర్చీ లేదు, కలం లేదు.

ఇది నాటకమా అంటే, కొంత నాటకమే. నేను మేస్త్రిని, చదువు నా చేత్తో నేను సంపాదించుకున్నాను అని ఊరందరికీ చెప్పడం. తన ఇష్టంతో చెప్పాడు కాబట్టి నాకు అభ్యంతరం అనిపించదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎడిటర్ అయ్యాడు కాబట్టే మేస్త్రి వేషం ఆయనకి గౌరవం తెచ్చింది. నిజంగా ఆ రోజు కాల్టన్ హిల్ మీద రాళ్ళు కొడుతున్న ఏ మేస్త్రినీ పేరు పెట్టి పిలిచి, సుత్తితో నిలబడు బాబూ అని ఫోటో తీసి ఉండరు.

ఇక న్యూహేవెన్. ఎడిన్‌బర్గ్‌కి ఉత్తరాన మూడు కిలోమీటర్ల దూరంలో, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న జాలరి పల్లె. మగవాళ్ళు పైకప్పు లేని పడవల్లో వేటకి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు ఎర వేసి, వలలు బాగుచేసి, చేపల్ని గంపల్లో నింపి వీపున వేసుకుని, ఆ బరువుతో ఎత్తెక్కి నగరంలోకి నడిచి, వీధి వీధీ తిరిగి అరుచుకుంటూ అమ్మేవాళ్ళు. గంప తాడు నుదుటి మీదుగా వచ్చేది. ఒకదాని మీద ఒకటి చారల లంగాలు, తెల్ల టోపీ, ఇదీ వాళ్ళ వేషం. పెళ్ళిళ్ళు ఎక్కువగా వాళ్ళలో వాళ్ళకే. డబ్బు లెక్క ఆడవాళ్ళ చేతిలో. ఎడిన్‌బర్గ్ పెద్దమనుషులకి వీళ్ళంటే ఒక వింత ముచ్చట.

హిల్‌కి ఆ పల్లె దారి తెలియడానికి ఒక కారణం అక్కడి పాస్టర్ జేమ్స్ ఫెయిర్‌బెయిర్న్ కావచ్చు. ఆయన కూడా ఫ్రీ చర్చ్ మనిషే. ఒక ఫోటోలో ఆయన చుట్టూ గంపలతో చేపలమ్మే ఆడవాళ్ళు చేరి వింటుంటారు. హిల్, ఆడమ్సన్ ఇద్దరూ కెమెరా మోసుకుని ఆ పల్లెకే వెళ్ళారు. అప్పటికి అది చిన్న విషయం కాదు. 1843 నుంచి 1847 వరకు తీసిన న్యూహేవెన్ ఫోటోలు 130 దాకా ఉన్నాయి. ఒక ఊరి శ్రామికుల మీద అంత ఓపిగ్గా ఫోటోలు తీయడం అదే మొదలు అని చెప్పుకుంటారు.

లింటన్ అనే జాలరి ఒడ్డుకి లాగిన పడవకి ఆనుకుని నిలబడ్డాడు. పడవ నీడలో చెప్పుల్లేకుండా అతని పిల్లలు. విల్లీ లిస్టన్ గాలాల తాడు చిక్కు తీస్తున్నాడు, కనీసం తీస్తున్నట్టు ఉన్నాడు. ఎందుకంటే చేతులు కదిలితే బొమ్మ చెరిగిపోతుంది. ఆడవాళ్ళు గుంపులుగా ఒకరి భుజం మీద ఒకరు వాలి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉంటారు. చూడ్డానికి అక్కాచెల్లెళ్ళ అనురాగంలా ఉంటుంది. నాకు మాత్రం ఇనుప ఊత బదులు మనిషి ఊత అనిపించింది. ఒకర్నొకరు ఆనుకుంటే కదలరు కదా. రెండూ నిజం కావచ్చు.

ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్ ఫోటో అన్నిటికంటే ప్రసిద్ధం. గంప పక్కన పెట్టుకుని, కళ్ళు కిందికి దించి ఉంటుంది. 1931లో జర్మన్ రచయిత వాల్టర్ బెంజమిన్ ఫోటోగ్రఫీ మీద రాసిన వ్యాసంలో ఈ న్యూహేవెన్ చేపలమ్మే ఆవిడ దగ్గర చాలాసేపు ఆగాడు. పెయింటింగ్‌లో ముఖం చూస్తే వేసినవాడి గొప్పతనం గుర్తొస్తుంది, ఈ ఫోటో చూస్తే మాత్రం ఒకప్పుడు బతికిన ఆ మనిషి పేరేమిటని అడగకుండా ఉండలేం అన్నది ఆయన వాదన. ఆ దించిన కళ్ళలో ఆయనకి సిగ్గు కనిపించింది. నాకు అంత నమ్మకం లేదు. నిమిషం పాటు ఎండకి ఎదురుగా నిలబడి రెప్ప వేయకుండా చూడమంటే ఎవరికైనా కళ్ళు దిగుతాయి. రోజూ నగరమంతా గొంతెత్తి చేపలమ్మే మనిషి కెమెరా ముందు సిగ్గుపడిందంటే, అది చూసేవాడి ఊహేమో.

ఇంకో సంగతి. ఈ ఫోటోల్లో చేపల జిగురు లేదు, తడి లేదు, ఆకలి లేదు. గంపలు చాలావరకు ఖాళీ. న్యూహేవెన్ వాళ్ళు కష్టపడతారు, భక్తులు, ఎవరి దగ్గరా చెయ్యి చాచరు. హిల్ చూపించాలనుకున్న పేదరికం అదే. అదే నగరంలో ఓల్డ్ టౌన్ మురికివాడల్లో కిక్కిరిసి బతుకుతున్న కూలీల మీద అలాంటి సిరీస్ ఏదీ ఆయన తీయలేదు. గౌరవంగా కనపడే పేదవాళ్ళకే కెమెరా దొరికిందన్నమాట. అయినా ఆయన్ని తీసిపారేయలేను. 1844లో ఆరు ఆల్బమ్ పుస్తకాలు తెస్తామని ప్రకటించినప్పుడు అందులో ఒకటి పూర్తిగా ఈ జాలర్లదే. ఆ పుస్తకం మాత్రం రాలేదు.

బట్టల్ని బట్టి మనిషిని తేల్చేయడం ఎంత దూరం వెళ్తుందో ఆ స్టూడియోకి వచ్చిన ఇంకో ఇద్దరిని చూస్తే తెలుస్తుంది.

పీటర్ జోన్స్ కూడా హిల్ లాగే 1802లోనే పుట్టాడు, కానీ కెనడాలో. తండ్రి వెల్ష్ మూలాలున్న సర్వేయర్, తల్లి మిసిసాగా తెగ స్త్రీ. అమ్మ వైపు వాళ్ళు పెట్టిన పేరు కాకేవాక్వొనాబి, పవిత్రమైన ఈకలు అని అర్థం. ఆయన మెథడిస్ట్ పాస్టర్. తన జనం భూమి హక్కుల కోసం 1838లో విక్టోరియా రాణిని కలిసి అర్జీ ఇచ్చినవాడు. 1845లో పిల్లల స్కూళ్ళ కోసం చందాలు పోగుచేయడానికి బ్రిటన్ వచ్చి, ఆగస్టు 4న హిల్ కెమెరా ముందు నిలబడ్డాడు. ఉత్తర అమెరికా ఆదివాసి వ్యక్తిని తీసిన ఫోటోల్లో ఇప్పటికి మిగిలినవాటిలో ఇవే మొదటివి అంటారు. కొన్నిటిలో పాస్టర్ సూటు, కొన్నిటిలో తెగ దుస్తులు. ఆ దుస్తులు వేసుకుని జనం ముందుకి రావడం ఆయనకి అసలు ఇష్టం ఉండేది కాదు. కానీ సభకి వచ్చేవాళ్ళకి కావలసింది అదే. సూటులో ఉన్న పాస్టర్ని చూడ్డానికి టికెట్ కొనేవాడెవడు? మిల్లర్ తన పాత బట్టలు తానే కావాలని వేసుకున్నాడు. జోన్స్ వేసుకోకపోతే స్కూళ్ళకి డబ్బు రాదు.

రెండో ఆయన మనవాడే, మోహన్ లాల్. ఢిల్లీలో కాశ్మీరీ కుటుంబంలో పుట్టి, ఢిల్లీ కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్న తొలి తరం కుర్రాళ్ళలో ఒకడు. అలెగ్జాండర్ బర్న్స్ వెంట మధ్య ఆసియా తిరిగాడు. మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో కాబూల్‌లో బ్రిటిష్‌వాళ్ళకి రహస్య సమాచారం చేరవేశాడు. 1844లో బ్రిటన్ వెళ్ళినప్పుడు ఎడిన్‌బర్గ్‌లో ఈ ఫోటో దిగాడు. ఒక భారతీయుడి ఫోటోల్లో చాలా తొలినాటివాటిలో ఇదొకటి. ఇంగ్లీషులో పుస్తకాలు రాసే మనిషి, ఫోటోలో మాత్రం తూర్పుదేశపు దుస్తుల్లో హుందాగా ఉంటాడు. ఆయన ఆ బట్టలు కోరి వేసుకున్నాడా, హిల్ కోరితే వేసుకున్నాడా అన్నది ఫోటో చెప్పదు. నేనూ ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆ ఫోటో ముందు కొంచెం ఎక్కువసేపే ఆగాను.

నాలుగున్నర ఏళ్ళలో దాదాపు మూడు వేల ఫోటోలు తీశారు. 1848 జనవరిలో ఆడమ్సన్ చనిపోయాడు. వయసు 26. ఆ తర్వాత హిల్ దాదాపుగా ఫోటోలు మానేశాడు. 1860ల్లో ఇంకొకరితో కలిసి మళ్ళీ ప్రయత్నించాడు గానీ, ఆ పాత వెలుగు రాలేదు. రసాయనాలు కుర్రాడివి, కన్ను పెద్దాయనది అని చాలాకాలం రాశారు. కుర్రాడు పోయాక పెద్దాయన కన్ను ఏమైందో చూస్తే ఆ లెక్క తప్పని తెలుస్తుంది.

పెయింటింగ్ మాత్రం వదల్లేదు. 1862లో అమీలియా పేటన్ అనే శిల్పిని రెండో పెళ్ళి చేసుకున్నాడు. ఎడిన్‌బర్గ్‌లో ఉన్న లివింగ్‌స్టన్ విగ్రహం ఆవిడ చెక్కిందే. ఆవిడ అండతో 1866లో, అంటే మొదలుపెట్టిన 23 ఏళ్ళకి, బొమ్మ పూర్తయింది. పదకొండు అడుగులకి పైగా పొడవు. 457 ముఖాలు. ఆ రోజు హాల్లో లేనివాళ్ళు కూడా కొందరు చేరారు. ఈలోగా కొందరు ముసలివాళ్ళయ్యారు, వాళ్ళని నెరిసిన జుట్టుతోనే వేశాడు. కాబట్టి ఒకే క్షణం బొమ్మలో రెండు దశాబ్దాల వయసులు పక్కపక్కన కూర్చున్నాయి. చేతిలో స్కెచ్ పుస్తకంతో తననీ, కెమెరాతో ఆడమ్సన్‌నీ కూడా గుంపులో ఇరికించాడు. బొమ్మ చూస్తే నిజం చెప్పాలంటే ఊపిరాడదు. కొత్త ఫోల్డర్‌లో 457 ఫైళ్ళు థంబ్‌నెయిల్ వ్యూలో తెరిచినట్టుంటుంది. దాని కాపీలు జనానికి అందించడానికి మళ్ళీ ఫోటోగ్రఫీయే కావలసి వచ్చింది. గ్లాస్గో ఫోటోగ్రాఫర్ థామస్ ఆనన్ ఆ పని చేశాడు. కొన్నేళ్ళకి గ్లాస్గో మురికివాడల సందుగొందుల్ని ఫోటోలు తీసింది కూడా ఈ ఆననే.

హిల్ 1870లో పోయాడు. ఎడిన్‌బర్గ్ డీన్ శ్మశానంలో ఆయన సమాధి మీద అమీలియా చెక్కిన ఆయన తల ఉంది. పాత కాగితపు నెగెటివ్‌లని ఇరవై ఏళ్ళు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1890ల్లో థామస్ ఆనన్ కొడుకు జేమ్స్ క్రెయిగ్ ఆనన్ వాటిని బయటికి తీసి కొత్తగా ప్రింట్లు వేశాడు. అవి అమెరికా దాకా వెళ్ళాయి. జనం ఆగి చూసింది పాస్టర్లని కాదు, చేపలమ్మే ఆడవాళ్ళని.

పెయింటింగ్‌లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పే పట్టిక ఉంది, నంబరు వారీగా పేర్లు ఉన్నాయి. న్యూహేవెన్ ఫోటోలకి అలాంటిదేమీ లేదు. ఎలిజబెత్ జాన్‌స్టన్ హాల్, జీనీ విల్సన్, ఆనీ లింటన్, విల్లీ లిస్టన్ లాంటి కొందరి పేర్లు నిలిచాయి. ఇప్పుడు మ్యూజియం వెబ్‌సైట్లలో ఆ ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. పేరు ఉండాల్సిన చోట చాలావాటికి ఇంకా న్యూహేవెన్ చేపలమ్మే స్త్రీ అనే ఉంది.